రెండు వేర్వేరు ఆల్టర్నేటర్లను ఒకే బండిలో కలిపి నడపడం ఎలా?

ఆల్టర్నేటర్ అంటే ఇంజన్ బెల్టుతో తిరుగుతూ బండికి కరెంటు పుట్టించేది. రెండింటిని కలిపే ఈ పని గురించి షెడ్లలో రెండు మాటలు వినిపిస్తుంటాయి. మొదటిది, "రెండు ఆల్టర్నేటర్లు కలిపితే ఒకదాన్నొకటి కాల్చేసుకుంటాయి, పెట్టొద్దు" అని. రెండోది, "దీని బి ప్లస్ తెచ్చి దాని బి ప్లస్‌కి బిగిస్తే అయిపోయింది" అని. బి ప్లస్ అంటే ఆల్టర్నేటర్ కరెంటు బయటికి వచ్చే బోల్టు. మొదటి మాట తప్పు. రెండో మాట సగమే నిజం, బళ్లను పాడు చేస్తున్నది కూడా ఆ సగమే. అంబులెన్సులు, మొబైల్ క్లినిక్ వ్యాన్లు, డీజే బళ్లు, ఏసీ టూరిస్టు బస్సులు ఎన్నో ఈ రెండో పద్ధతిలో తయారై, ఆర్నెల్లు తిరక్కుండానే ఒక ఆల్టర్నేటర్ మాడిపోయి మళ్లీ షెడ్డుకి వస్తున్నాయి.

ఒకదాన్నొకటి కాల్చేసుకోవడం అనేది ఎందుకు జరగదో ముందు చెప్తాను. ఆల్టర్నేటర్‌లో స్టేటర్ (కదలకుండా ఉండే తీగచుట్ట) నుంచి వచ్చే ఏసీ కరెంటు డయోడ్ ప్లేట్ దాటాకే డీసీగా బయటికి వస్తుంది. ఆ డయోడ్లు కరెంటును బయటికి పోనిస్తాయి గానీ లోపలికి రానివ్వవు. అందుకే ఇంజన్ ఆపినా బ్యాటరీ కరెంటు వెనక్కి వెళ్లి ఆల్టర్నేటర్‌ని మోటారులా తిప్పదు. పక్కన ఇంకో ఆల్టర్నేటర్ ఉన్నా అంతే. డయోడ్లు బాగున్నంత కాలం ఒకదాని కరెంటు ఇంకోదాంట్లోకి పోదు. ఒకటి 90 ఆంపియర్లది, ఇంకోటి 150 ఆంపియర్లది అయినా భయం లేదు. ఆంపియర్లు కలవక్కర్లేదు, కలవాల్సింది వోల్టులు. అవి కూడా ఎక్కడో కాదు, లోడ్ మీద, వేడి మీద, ఒకే చోట కొలిచినప్పుడు కలవాలి.

వివరం కోసం ఒక బండి అనుకుందాం. 12 వోల్టుల పాత డీజిల్ వ్యాన్. కంపెనీ ఆల్టర్నేటర్ 90 ఆంపియర్లు. దీన్ని మొబైల్ క్లినిక్‌గా మార్చారు, కొత్తగా 150 ఆంపియర్ల ఆల్టర్నేటర్ తగిలించాలి. 24 వోల్టుల బస్సు అయితే నేను చెప్పే వోల్టులను రెండింతలు చేసుకోండి, పద్ధతి అదే.

అసలు రెండోది కావాలా?

లోడ్ లెక్క కట్టకుండా రెండో ఆల్టర్నేటర్ కొనకండి. 1000 వాట్ల ఇన్వర్టర్ పూర్తి లోడ్ మీద 12 వోల్టుల నుంచి 95 ఆంపియర్ల పైనే లాగుతుంది. వెనక ఏసీ బ్లోయర్ 15 నుంచి 20. హెడ్‌లైట్లు 10. మందుల ఫ్రిజ్ 5, 6. ఇంజన్ తనకోసం వాడుకునేది 10 దాకా. మొత్తం 140 చుట్టూ తేలుతుంది.

పేరుప్లేట్ మీద 90 ఉంది కదా అని ఎప్పుడూ 90 రావు. కొన్ని ప్లేట్ల మీద 45/90 అని రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది ఆల్టర్నేటర్ 1800 ఆర్‌పీఎం తిరిగేటప్పుడు, రెండోది 6000 తిరిగేటప్పుడు ఇచ్చే కరెంటు. అదీ చల్లగా ఉన్నప్పుడు కొలిచింది. మే నెలలో బండి ఒకచోట ఆగి, ఇంజన్ స్లోలో నడుస్తుంటే ఆ 45 కూడా అనుమానమే. క్లినిక్ వ్యాన్లు, డీజే బళ్లు ఎక్కువసేపు నడిచేది సరిగ్గా ఆ స్థితిలోనే. అందుకని రెండోది కొనేటప్పుడు పెద్ద అంకె చూసి మురిసిపోకుండా చిన్న అంకె ఎంతో అడగండి.

ఈ పద్ధతి పనికిరాని బళ్లు కూడా ఉన్నాయి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 బళ్లలో చాలావాటికి ఆల్టర్నేటర్ వోల్టేజీని ఇంజన్ ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) తనే పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. పక్కన ఎప్పుడూ 14.3 దగ్గర నిలబడే ఇంకో ఆల్టర్నేటర్ పెడితే ఈసీయూ లెక్క తప్పుతుంది, డ్యాష్‌బోర్డ్‌లో లైట్లు వెలుగుతాయి. అలాంటి బండిలో రెండో ఆల్టర్నేటర్‌కి వేరే బ్యాటరీ, వేరే లైను ఇవ్వాలి, కలపకూడదు. లిథియం బ్యాటరీ ఉన్న బండి కూడా వేరే కథ. అది ఎంత ఇస్తే అంత లాగేస్తుంది, స్లోలో నడిచే ఆల్టర్నేటర్‌ని వేడెక్కించి చంపేస్తుంది. మధ్యలో కరెంటును అదుపు చేసే డీసీ టు డీసీ చార్జర్ లేకుండా దాని జోలికి వెళ్లకండి. 12 వోల్టులదీ 24 వోల్టులదీ ఒక లైనులో కలపకూడదని చెప్పక్కర్లేదు అనుకుంటాను.

సామాను

వైరు చుట్టూ పట్టించి ఆంపియర్లు చూసే క్లాంప్ మీటర్, అదీ డీసీ కొలిచేది కావాలి. ఏసీ మాత్రమే కొలిచేది తక్కువకు దొరుకుతుంది, ఈ పనికి ఎందుకూ పనికిరాదు. రెండు దశాంశాలు చూపించే మల్టీమీటర్, 35 స్క్వేర్ ఎంఎం, 25 స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్, వాటికి సరిపడా రాగి లగ్గులు, వైర్లన్నీ ఒకచోట కలిపే రాగి బస్‌బార్ ఒకటి, రెండు మెగా ఫ్యూజులు హోల్డర్లతో, రెండు చార్జింగ్ బల్బులు, హీట్ ష్రింక్ స్లీవ్. లగ్గుల్ని హైడ్రాలిక్ క్రింపర్‌తోనే నొక్కాలి. సుత్తితో కొట్టిన లగ్గు మొదటి రోజు బాగానే ఉంటుంది, వేసవి వచ్చేసరికి నల్లబడుతుంది.

బిగింపు, బెల్టు

కొత్తదాన్ని ఇంజన్ బ్లాక్‌కే బిగించాలి. ఛాసిస్‌కి బిగిస్తే ఇంజన్ ఊగినప్పుడల్లా బెల్టు లాగబడుతుంది. కొత్త బెల్టు తిరిగే పుల్లీలన్నీ ఒకే గీత మీద ఉన్నాయా అని ఒక ఇనుప బద్ద ఆనించి చూడండి. 14 వోల్టులు, 150 ఆంపియర్లు అంటే 2100 వాట్లు. ఆల్టర్నేటర్‌లో పోయే నష్టం కూడా కలిపితే ఇంజన్ నుంచి దాదాపు 5 హార్స్‌పవర్ లాగుతుంది. సన్న వీ బెల్టు ఒక్కటి దీన్ని మోయలేదు. జోడు వీ బెల్టులో, ఆరు గీతల పాలీ వీ బెల్టో వేయండి.

పాత బెల్టుకే కొత్త ఆల్టర్నేటర్‌ని కూడా చుట్టేయడం నాకు నచ్చదు, ఎవరు చేస్తానన్నా వద్దంటాను. కొత్తదానికి దాని సొంత బెల్టు ఉండాలి. వాటర్ పంపు తిరిగే బెల్టు మీద ఇంత బరువు పెట్టి, అది తెగితే ఇంజనే వేడెక్కి పోతుంది.

మెయిన్ వైర్లు, ఎర్త్

రెండు ఆల్టర్నేటర్ల బి ప్లస్ వైర్లూ విడివిడిగా ఒకే బస్‌బార్‌కి రావాలి. అక్కడి నుంచి లావు కేబుల్ బ్యాటరీకి. ఒక ఆల్టర్నేటర్ బి ప్లస్ నుంచి ఇంకోదాని బి ప్లస్‌కి, అక్కడి నుంచి పాత కంపెనీ వైరు మీదే బ్యాటరీకి తీసుకెళ్లే పని చాలామంది చేస్తారు. ఆ పాత వైరు 90 ఆంపియర్ల కోసం వేసింది. దాని మీద 200 తోస్తే స్లీవ్ కరుగుతుంది.

పెద్దదానికి 35 స్క్వేర్ ఎంఎం కేబుల్ రెండు మీటర్లు, చిన్నదానికి 25 స్క్వేర్ ఎంఎం రెండున్నర మీటర్లు అనుకోండి. పూర్తి కరెంటు పారేటప్పుడు పెద్దదాని కేబుల్‌లో పోయే వోల్టేజీ 0.15, చిన్నదాని కేబుల్‌లో 0.16. రెండూ దాదాపు సమానం. ఈ సమానత్వం యాదృచ్ఛికంగా వచ్చింది కాదు, నేను కావాలనే అలా కట్ చేస్తాను. ఎందుకో కింద తెలుస్తుంది.

ప్రతి వైరుకీ బస్‌బార్ దగ్గర ఒక ఫ్యూజు ఉండాలి. ఆల్టర్నేటర్ డయోడ్ షార్ట్ అయితే కరెంటు వచ్చేది బ్యాటరీ వైపు నుంచి, కాబట్టి ఫ్యూజు ఆ చివరే ఉండాలి. 90 దానికి 125, 150 దానికి 200. ఇంతకంటే తక్కువ వేయకండి. నడుస్తుండగా ఫ్యూజు ఎగిరితే ఆ ఆల్టర్నేటర్ లోడ్ ఒక్కసారిగా తెగి, దాని టెర్మినల్ దగ్గర వోల్టేజీ క్షణంలో చాలా పైకి లేస్తుంది.

ఎర్త్ గురించి ఎవరూ పట్టించుకోరు. బ్యాటరీ మైనస్ నుంచి ఇంజన్ బ్లాక్‌కి నేరుగా ఒక 50 స్క్వేర్ ఎంఎం కేబుల్ వేయండి. ప్లస్ వైపు ఎంత కరెంటు వెళ్తుందో మైనస్ వైపు అంతే తిరిగి రావాలి. ఛాసిస్ మీద పెయింట్ గీకకుండా బిగించిన ఎర్త్ వల్ల కలిగే నష్టం మీటర్‌లో అర వోల్టు దాకా కనిపిస్తుంది.

చార్జింగ్ లైటు వైరు

ఇది తేలికే, కానీ ఒక తప్పు మాత్రం మళ్లీ మళ్లీ చూస్తున్నాను. డ్యాష్‌బోర్డ్‌లో ఉన్న ఒక్క చార్జింగ్ లైటు వైరుకే రెండు ఆల్టర్నేటర్ల డి ప్లస్ (చార్జింగ్ లైటుకి వెళ్లే) టెర్మినళ్లు ముడివేయడం. అలా చేస్తే ఒకటి చచ్చిపోయినా రెండోది తన డి ప్లస్ నుంచి దాని రోటర్‌కి (లోపల తిరిగే అయస్కాంత చుట్టకి) కరెంటు పంపుతుంది, లైటు వెలగదు. డ్రైవర్‌కి అంతా బాగున్నట్టే ఉంటుంది. ఏదో ఒక రాత్రి ఉన్న ఒక్కటీ లోడ్ మోయలేక ఆగినప్పుడు గానీ విషయం తెలియదు.

దేని లైటు దానికే పెట్టండి. రెండో బల్బుకి డ్యాష్‌బోర్డ్‌లో చిన్న రంధ్రం చాలు. బల్బు 2 వాట్లో 3 వాట్లో ఉండాలి. బాగుంటుందని చిన్న ఎల్‌ఈడీ పెడితే దాని గుండా చాలినంత కరెంటు పోదు, ఆల్టర్నేటర్ ఎక్సైట్ కాదు, అంటే రోటర్ అయస్కాంతంగా మారక చార్జింగ్ మొదలవదు. అసలు బల్బే లేకుండా కీ వైరును నేరుగా డి ప్లస్‌కి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. కొన్ని బళ్లలో కీ ఆఫ్ చేసినా ఇంజన్ ఆగకపోవడానికి కారణం అదే. డి ప్లస్ నుంచి వెనక్కి వచ్చిన కరెంటు డీజిల్ సోలినాయిడ్‌ని (ఇంజన్‌కి డీజిల్ వదిలే వాల్వుని) పట్టుకుని ఉంటుంది.

ఇంజన్ ఆర్‌పీఎం చూపించే టాకోమీటర్‌కి వెళ్లే డబ్ల్యూ వైరు పాతదాని మీదే ఉండనివ్వండి.

అసలు పని: వోల్టులు కలపడం

ఇక్కడ నిదానంగా చదవండి. పైన చెప్పినవన్నీ ఎవరైనా చేస్తారు, బళ్లు తిరిగొచ్చేది మాత్రం ఈ ఒక్క పని వదిలేయడం వల్లే.

ఇంటి మీద ఒక ట్యాంకుకి రెండు మోటార్లు, రెండింటికీ వేరే వేరే ఫ్లోట్ స్విచ్‌లు ఉన్నాయనుకోండి. ఒక ఫ్లోట్ కాస్త పైన, ఇంకోటి కాస్త కింద. నీళ్లు కింది ఫ్లోట్ దాటగానే దాని మోటారు ఆగిపోతుంది. పైన ఉన్న ఫ్లోట్ మోటారే రోజంతా తిరుగుతుంది. ఆల్టర్నేటర్ రెగ్యులేటర్ ఆ ఫ్లోట్ లాంటిది, దాన్ని మా షెడ్లలో కటౌట్ అంటారు. అది లైనులో వోల్టేజీ చూసుకుంటుంది. తన అంకె కంటే తక్కువుంటే రోటర్‌కి కరెంటు ఇస్తుంది, దాటితే ఆపేస్తుంది.

కాబట్టి చిన్న ఆల్టర్నేటర్ కటౌట్ 14.5కి, పెద్దదాని కటౌట్ 14.3కి ఉంటే ఏమవుతుంది? లైను 14.5 దగ్గర నిలబడుతుంది. పెద్దది "లైను నిండుగా ఉంది" అనుకుని నిద్రపోతుంది. చిన్నది ఒంటరిగా 90 ఆంపియర్ల దాకా లాగుతుంది. అది పూర్తిగా అలిసి వోల్టేజీ 14.3కి జారాకే పెద్దది లేస్తుంది. అంటే లోడ్ 70 ఉన్నా, 80 ఉన్నా, మోసేది చిన్నదే. బండి ఎప్పుడూ ఇదే లోడ్ మీద తిరిగితే చిన్నది రోజంతా తన చివరి అంచు మీదే నడుస్తుంది, డయోడ్లు, స్టేటర్ మాడతాయి. "కొత్తది పెట్టించాను, అయినా పాతదే కాలిపోయింది" అని వచ్చే కేసుల్లో ఎక్కువ ఇవే. దానికి మళ్లీ పాతదాన్నే రిపేర్ చేసి బిగిస్తారు, మళ్లీ కాలుతుంది.

దీనికి మందు, ముందు రెండింటి అంకెలు విడివిడిగా కొలవడం. ఇలా కొలవండి.

బ్యాటరీని ముందురోజు రాత్రి చార్జర్ మీద పెట్టి నిండుగా చేయండి. బ్యాటరీ ఖాళీగా ఉంటే వోల్టేజీ అసలు కటౌట్ అంకె దాకా చేరదు, మీరు కొలిచేది బ్యాటరీ ఆకలి అవుతుంది. తర్వాత బండిని 20 నిమిషాలు నడిపి, బానెట్ మూసి ఉంచి ఇంజన్ బే బాగా వేడెక్కనివ్వండి. చాలా కటౌట్లు వేడి పెరిగే కొద్దీ తమ అంకె తగ్గించుకుంటాయి, డిగ్రీకి 7 నుంచి 10 మిల్లీవోల్టుల దాకా. 50 డిగ్రీలు పెరిగితే అది దాదాపు 0.4 వోల్టులు. పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద "రెండూ సమానంగా ఉన్నాయి" అని తేల్చిన కొలత మధ్యాహ్నానికి దేనికీ పనికిరాదు.

ఇప్పుడు ఇంజన్ ఆపండి. ఒకదాని కటౌట్ ప్లగ్ మొత్తం పీకేయండి. ఇంజన్ ఆపాకే పీకాలి. బి ప్లస్ వైరు మాత్రం దాని చోటే ఉండాలి. ప్లగ్‌లోంచి ఎస్ అని రాసి ఉన్న సెన్స్ వైరు (కటౌట్‌కి లైను వోల్టేజీ చూపించేది) ఒక్కటే లాగి, మిగతావి ఉంచడం చేయకండి. కొన్ని రకాల కటౌట్లకు సెన్స్ వైరు తెగితే "లైనులో వోల్టేజీ సున్నా" అనిపిస్తుంది. పూర్తి కరెంటు రోటర్‌కి తోసేసి, వోల్టేజీని 16 దాటిస్తాయి. ఆ దెబ్బకి బ్యాటరీ ఉడుకుతుంది, స్టీరియో, ఇన్వర్టర్ పోతాయి.

ఇంజన్ స్టార్ట్ చేసి 1500 ఆర్‌పీఎం దగ్గర రేస్ పట్టుకోండి. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి 25, 30 ఆంపియర్ల లోడ్ పెట్టండి. ప్లగ్ పీకిన ఆల్టర్నేటర్ వైరు మీద క్లాంప్ పెట్టి సున్నా వస్తోందని చూసుకోండి. కొన్ని రోటర్లు మిగిలిన అయస్కాంతంతోనే ఎక్కువ స్పీడులో మళ్లీ చార్జింగ్ మొదలుపెడతాయి. అలా చేస్తే ఇంజన్ ఆపి దాని బెల్టు తీసేయడమే. సున్నా అని తేలాక, మీటరు ఎర్ర తీగ బస్‌బార్ మీద, నల్ల తీగ బ్యాటరీ మైనస్ పోస్టు మీద పెట్టి, రెండు నిమిషాలు ఆగి రాసుకోండి. ఆల్టర్నేటర్ బాడీ మీద ఒకటి, బ్యాటరీ దగ్గర ఒకటి కొలిచి పోల్చకండి. రెండు కొలతలూ ఒకే చోట జరగాలి. తర్వాత ప్లగ్‌లు మార్చి రెండోదాన్ని అలాగే కొలవండి.

నేను పెట్టుకునే నియమం ఇది: పెద్దది 14.3 లేదా 14.35, చిన్నది దానికంటే 0.1 నుంచి 0.15 తక్కువ. పెద్దది ముందు నడవాలి, లోడ్ పెరిగినప్పుడు చిన్నది వచ్చి కలవాలి. ఖచ్చితంగా సమానం చేద్దామని గంటలు గంటలు కూర్చోవక్కర్లేదు. అంత సమానం వేడిలో ఎలాగూ నిలవదు. తేడా 0.3 దాటితే మాత్రం ఊరుకోకండి. మామూలు యాసిడ్ బ్యాటరీ అయితే మన ఎండలకు 14.4 పైకి ఎవరు చెప్పినా పెట్టకండి, నీళ్లు ఎగిరిపోతాయి.

అంకె మార్చడానికి నేను ఒప్పుకునే దారి ఒకటే: కటౌట్ మార్చడం. కటౌట్ మీద దాని అంకె ముద్రించి ఉంటుంది. ఒకే ఆల్టర్నేటర్‌కి 14.2, 14.5 అని వేర్వేరు అంకెల కటౌట్లు మార్కెట్లో దొరుకుతాయి. లూకాస్ టీవీఎస్‌దైనా బాష్‌దైనా మంచి షాపులో అడిగి అంకె చూసి తెచ్చుకోండి. రెండింటికీ ఒకే కంపెనీ, ఒకే తరం కటౌట్ దొరికితే ఇంకా మేలు. వేడికి రెండూ ఒకేలా తగ్గుతాయి, పొద్దున కలిసినవి సాయంత్రం కూడా కలిసే ఉంటాయి.

సెన్స్ వైరులో డయోడ్ వేసి అర వోల్టు పెంచే చిట్కా చాలామందికి తెలుసు. పని చేస్తుంది కూడా. కానీ డయోడ్ తినే వోల్టేజీ వేడితో మారుతుంది. పైగా మనం వాడే వైర్లలో అతి సున్నితమైనది సెన్స్ వైరు, దాంట్లో ఇంకో అతుకు పెట్టడం నాకిష్టం లేదు.

కటౌట్ అంకెలే కాదు, కటౌట్ వోల్టేజీని ఎక్కడ చూస్తోందో కూడా ముఖ్యం. కొన్ని తమ బి ప్లస్ బోల్టు దగ్గరే చూసుకుంటాయి. కొన్ని సెన్స్ వైరుతో బ్యాటరీ దగ్గర చూస్తాయి. మొదటి రకంలో కరెంటు పెరిగే కొద్దీ కేబుల్‌లో కొంత వోల్టేజీ పోతుంది, దాంతో ఆ ఆల్టర్నేటర్ బస్‌బార్ దగ్గర తనంతట తనే కొద్దిగా వెనక్కి తగ్గుతుంది, పక్కదానికి చోటిస్తుంది. రెండూ ఈ రకమే అయితే పంచుకోవడం చాలా సాఫీగా ఉంటుంది. పైన కేబుళ్లను 0.15, 0.16 నష్టం వచ్చేలా కట్ చేసింది ఇందుకే. రెండూ తమ తమ తాహతుకు తగ్గట్టు ఒకేలా తగ్గుతాయి.

రెండూ సెన్స్ వైరు రకమైతే, ఆ రెండు వైర్లనూ బస్‌బార్ మీద ఒకే బోల్టు కిందికి తేవాలి. ఒకటి బ్యాటరీ దగ్గర, ఇంకోటి ఫ్యూజు బాక్సు దగ్గర ఉంటే అవి చూసే లోకాలే వేరు. అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది ఒకటి సెన్స్ రకం, ఇంకోటి కాకపోవడం. సెన్స్ ఉన్నది తన కేబుల్‌లో పోయేదాన్ని కూడా పూడ్చుకుని లైనును పట్టుకుని కూర్చుంటుంది, రెండోది వెనకబడుతుంది. తప్పనిసరైతే సెన్స్ ఉన్నది పెద్ద ఆల్టర్నేటర్ అయ్యేలా చూసుకోండి. చిన్నది అయ్యుంటే నేను ఆ పని ఒప్పుకోను.

మిగతా పద్ధతులు ఎందుకు కాదంటే

ఒకే బయటి రెగ్యులేటర్ పెట్టి రెండు ఫీల్డ్ వైర్లనూ (రోటర్‌కి కరెంటు ఇచ్చేవి) దాంతోనే నడపొచ్చని కొందరంటారు. పుస్తకం ప్రకారం అది శుభ్రమైన పద్ధతే. కానీ రెండు ఆల్టర్నేటర్ల ఫీల్డూ ఒకే వైపు నుంచి, అంటే రెండూ ప్లస్ వైపు నుంచో రెండూ మైనస్ వైపు నుంచో కంట్రోల్ అయ్యేవై ఉండాలి. రెండు రోటర్ల కరెంటూ ఆ ఒక్క రెగ్యులేటర్ మోయగలగాలి. రెండు ఆల్టర్నేటర్లూ విప్పి లోపలి కటౌట్లు తీసేయాలి. పైగా ఆ ఒక్కటీ పోతే రెండూ పోయినట్టే. హైవే మీద రాత్రిపూట పేషెంట్‌తో వెళ్లే బండికి నేను అది పెట్టను. రెండు ఆల్టర్నేటర్లు పెట్టుకునేదే ఒకటి పోయినా ఇంకోటి నడిపిస్తుందని.

రెండు లైన్ల మధ్య డయోడ్ ఐసొలేటర్ పెట్టడం ఇంకో పద్ధతి. మామూలు డయోడ్ 0.7 వోల్టులు తినేస్తుంది, బ్యాటరీ ఎప్పటికీ నిండదు, ఐసొలేటర్ హీట్ సింక్ మీద చెయ్యి పెట్టలేం. ఆల్టర్నేటర్ లోపల డయోడ్లు ఉండనే ఉన్నాయి. బయట మళ్లీ ఇంకోటి దేనికి?

పరీక్ష

రెండు ప్లగ్‌లూ పెట్టి, వేడి ఇంజన్ మీద మూడు చోట్ల కొలవండి: స్లోలో లోడ్ లేకుండా, స్లోలో పూర్తి లోడ్‌తో, 2000 ఆర్‌పీఎం దగ్గర పూర్తి లోడ్‌తో. ప్రతిసారీ రెండు బి ప్లస్ వైర్ల మీదా క్లాంప్ పెట్టి, బస్‌బార్ వోల్టేజీతో సహా రాసుకోండి.

లోడ్ తక్కువున్నప్పుడు పెద్దది 25, 30 ఇస్తూ చిన్నది ఒకటో రెండో చూపిస్తే కంగారు పడకండి, అదే కావాల్సింది. అప్పుడు చిన్నదాని చార్జింగ్ లైటు మసగ్గా వెలగొచ్చు కూడా. పాత రకం కటౌట్లలో రోటర్‌కి కరెంటు ఆగగానే డి ప్లస్ దగ్గర వోల్టేజీ పడిపోయి లైటు వస్తుంది. ఇది చూసి బాగున్న ఆల్టర్నేటర్‌ని విప్పేసి డయోడ్ ప్లేట్ మార్చేసిన వాళ్లున్నారు. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేయండి. లైటు ఆరిపోతే ఆల్టర్నేటర్ బాగున్నట్టే. కొత్త రకం కటౌట్లు ఇలాంటప్పుడు కూడా రోటర్‌ని కొంచెం సజీవంగా ఉంచుతాయి, వాటిలో లైటు రాదు. లోడ్ పెట్టాక కూడా లైటు ఆరకపోతే, క్లాంప్ మీద సున్నా ఉంటే, అప్పుడు విప్పండి.

పూర్తి లోడ్ మీద 2000 ఆర్‌పీఎం దగ్గర పెద్దది 100 చుట్టూ, చిన్నది 40 చుట్టూ వస్తే మన వ్యాన్‌కి చక్కగా పంచుకున్నట్టు. వోల్టేజీ 14 పైనే ఉండాలి. చిన్నది 85 దగ్గర నిలబడి పెద్దది 55 దగ్గర ఉంటే కటౌట్ అంకెలు తారుమారయ్యాయి, మళ్లీ వెనక్కి వెళ్లండి. ఇలా వదిలేసి "ఎలాగోలా లోడ్ మోస్తున్నాయి కదా" అనుకుంటే చిన్నది మాడాకే తిరిగొస్తారు.

అదే లోడ్ మీద మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల మీద పెట్టి బ్యాటరీ దగ్గర చూడండి. అర వోల్టు దాటితే ఎక్కడో డయోడ్ పోయింది. ఒక్కో ప్లగ్ పీకి చూస్తే ఏదో తెలుస్తుంది. హెడ్‌లైట్లు నెమ్మదిగా పెరుగుతూ తగ్గుతూ ఊపిరి తీస్తున్నట్టుంటే ముందు ఎర్త్, తర్వాత సెన్స్ వైర్ల బిగింపు చూడండి. కటౌట్లు ఆఖరున.

స్లోలో పూర్తి లోడ్ పెట్టి 20 నిమిషాలు ఆగి రెండింటి బాడీ వేడి కూడా కొలవండి. 110 డిగ్రీలు దాటుతుంటే స్లో స్పీడు కొంచెం పెంచాలి, లేదా లోడ్ తగ్గించాలి. ఆల్టర్నేటర్ ఫ్యాన్ స్లోలో గాలి ఎక్కువ లాగదు. కరెంటు తక్కువే ఇస్తున్నా వేడి మాత్రం ఎక్కువే పుడుతుంది.

ఇంజన్ నడుస్తుండగా "చార్జింగ్ వస్తోందా" అని బ్యాటరీ టెర్మినల్ తీసి చూసే పాత అలవాటు ఈ బండి దగ్గర అస్సలు వద్దు. 12 వోల్టుల లైనులో కూడా అలా తీసినప్పుడు వోల్టేజీ 80 దాటి లేవగలదు. రెండు ఆల్టర్నేటర్లు ఉన్నచోట కాలిపోయే సామాను కూడా ఎక్కువే.

నెల తిరిగాక ఒకసారి బెల్టు బిగింపు, లగ్గుల బోల్టులు, ఎర్త్ చూసి, పూర్తి లోడ్ మీద క్లాంప్ రీడింగులు మళ్లీ రాసుకోండి. మొదటి రోజు రాసిన కాగితాన్ని డ్రైవర్ దగ్గర బండి కాగితాలతో పాటే ఉంచండి. తర్వాత ఎవరు చేసినా వాళ్లకి అదే ఆధారం.

దారిలో ఏదో ఒకటి పోతే ఇంజన్ ఆపి, దాని కటౌట్ ప్లగ్ పీకి, దాని మెగా ఫ్యూజు తీసేయమని డ్రైవర్‌కి నేర్పండి. బేరింగ్ పట్టేసింది కొత్తదాంట్లో అయితే దాని బెల్టు కోసేసి వెళ్లిపోవచ్చు, వాటర్ పంపు పాత బెల్టు మీదే తిరుగుతుంది. ఇన్వర్టర్ ఆపేసి, హెడ్‌లైట్లు, ఫ్రిజ్ మాత్రం ఉంచుకుంటే చిన్నది ఒక్కటే బండిని ఇంటికి చేరుస్తుంది.